మూడో పేజీ, పదకొండో నంబరు

మన కాంప్లెక్స్‌లో జ్ఞానప్రసూన మీద ఒక మాట పడింది. కంపెనీ చేతులు మారుతుంటే వినీత్‌ని లిస్టులో లేకుండా చేసిందనీ, ఆ సంగతి మళ్ళీ తనే చాటుగా చెప్పించిందనీ. కొందరు వాకింగ్‌లో విన్నారు, కొందరు వాట్సాప్ గ్రూపులో చదివారు. నా ముందే నలుగురు అన్నారు. నేను తల ఊపుతూ విన్నాను. ఆ మాట పుట్టింది నా నోట్లోనే కాబట్టి, అది అబద్ధమని చెప్పాల్సింది కూడా నేనే. అందుకని ఆవిడ గురించి రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరం తప్పులు మన సంఘం పత్రిక వాళ్ళు దిద్దుకుంటారు. మిగతా తప్పులు దిద్దొద్దని చెప్పాను.

నన్ను తెలియని వాళ్ళు ఇక్కడ తక్కువ. బి బిల్డింగ్ రెండో అంతస్తులో మా అమ్మాయి ఉమ దగ్గర ఉంటాను. మనవరాలు వేద ఉమ కడుపులో ఉన్నప్పుడు ఆర్నెల్లకని న్యూజెర్సీ వచ్చి, వేదకి పదహారేళ్ళు వచ్చినా ఈ పార్సిప్పనీ వదల్లేదు. ఎవరికి వీసా స్టాంపింగ్ తేదీ దొరికిందో, ఎవరి అత్తగారు ఎప్పుడు దిగుతున్నారో, ఎవరింట్లో డిష్‌వాషర్ కారుతోందో నాకు తెలియాలి. తెలియకపోతే అన్నం సహించదు. "నీకెందుకే అమ్మా" అని ఉమ రోజుకి పదిసార్లు అంటుంది.

ప్రసూనది సి బిల్డింగ్. యాభైనాలుగేళ్ళు ఉంటాయి. నాకు చుట్టమేమీ కాదు, మొదటి రోజే లాండ్రీ రూమ్‌లో "పిన్నిగారూ" అని పిలిచింది, అంతే, పిన్నినైపోయాను. ఊరు నరసరావుపేట. వాళ్ళ నాన్న రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెక్క బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవారట. చిన్నప్పుడు ఆ బల్ల కింద కూర్చుని, హద్దులు చదువుతుంటే వినేదట. తూర్పు ఫలానా వారి చేను, పడమర ఫలానా వారి గోడ. "ఒక్క హద్దు రాయడం మర్చిపోతే రెండు కుటుంబాలు ముప్ఫై ఏళ్ళు కోర్టు చుట్టూ తిరుగుతాయి పిన్నిగారూ" అనేది.

మర్చిపోవడం అంటే ఏంటో ఆవిడకి అనుభవం మీద తెలుసు. రెండువేల ఒకటిలో పెళ్ళయి, భర్త రాఘవులుగారితో ఎడిసన్‌లో దిగింది. రెండేళ్ళకి ఆయన కంపెనీని వేరే వాళ్ళు కొన్నారు. కొన్నవాళ్ళు, ఫలానా వాళ్ళ వీసా బాధ్యతలు మావి అని కాగితం రాసుకున్నారు. అందులో రాఘవులుగారిది లేదు. లేదన్న సంగతి రెండు నెలలకి గానీ బయటపడలేదు. బయటపడ్డాక పది రోజుల్లో సామాను లాన్ మీద పెట్టి, అడిగినవాళ్ళకి అడిగింది ఇచ్చేసి, విమానం ఎక్కారు.

"కోపమొచ్చి తీసేశారా?" అని నేను ఆరా తీశాను.

"కోపమూ లేదు, కక్షా లేదు. మర్చిపోయారు. ఎవరో ఒకావిడ టైప్ చేస్తూ ఒక లైను మర్చిపోయింది. ఆవిడకి ఇప్పటికీ తెలిసి ఉండదు."

మూడేళ్ళకి మళ్ళీ వచ్చారు. గ్రీన్ కార్డు దారిలో ఆవిడకి పని చేసుకునే అనుమతి రాగానే ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద చీరల కొట్లో చేరింది. చూపించిన చీరలన్నీ మళ్ళీ మడతలు పెట్టడమే పని. అంచుకి అంచు, కొంగుకి కొంగు కలవాలి. ఆ వేళ్ళతోనే తర్వాత పార్సిప్పనీలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫైళ్ళ పనికి కుదిరింది. నలభై మంది పని చేసే చోటు. పదిహేడేళ్ళు అక్కడే. అందులో వీసా మీద ఉన్న ప్రతి పిల్లాడికీ పిల్లకీ ఆవిడే దిక్కు. వాళ్ళ గడువులు వాళ్ళ కంటే ముందు ఆవిడకి గుర్తుండేవి. పెళ్ళిరోజు శుభాకాంక్షలు చెప్తూ, "నాన్నా, పాస్‌పోర్టు రెన్యువల్‌కి పెట్టావా?" అని కలిపి అడిగేది.

కిందటేడు సెప్టెంబర్లో ఆ కంపెనీని వర్జీనియాలో, హెర్న్‌డన్ వాళ్ళు కొంటున్నారని గుప్పుమంది. అక్టోబర్ ఒకటిన చేతులు మారుతుందట. నలభై మందిలో పన్నెండు మంది మన కాంప్లెక్స్‌లోనే ఉంటారు. వాకింగ్ ట్రాక్ మీద వేరే మాట లేదు. నేను ప్రసూనని పట్టుకున్నాను. అడగకపోతే ఉండలేను కదా.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. వీసా మీద మనిషిని పెట్టుకునేటప్పుడు కంపెనీ ప్రభుత్వానికి ఒక మాట రాసిస్తుందిట. ఈ మనిషికి ఈ పని, ఈ చోట, ఇంత జీతం అని. ఆ కాగితానికి ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. ఇప్పుడు కంపెనీని వేరే వాళ్ళు కొంటే, వాళ్ళు ఆ మాటలన్నీ మావే అని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఏయే నంబర్లో వరసగా రాసి దానికి జతచేయాలి. చేతులు మారే రోజుకి అది ఫైల్లో ఉండి తీరాలి. ఉంటే ఎవరి వీసాకీ ఢోకా లేదు. లేకపోతే ఒక్కొక్కరికీ మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు.

"ఆ ఫైలు నీ బీరువాలోనే తాళం వేసి ఉంటుందా?"

"తాళం ఉంటుంది కానీ పిన్నిగారూ, అది పబ్లిక్ ఫైలు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఎవరొచ్చి అడిగినా చూపించాలి. రూలు."

"ఎవరొచ్చినా?"

"ఎవరొచ్చినా. ఇన్నేళ్ళలో ఒక్కరు రాలేదనుకోండి."

ఆ మాట నా చెవిలో పడకుండా ఉండాల్సింది.

వినీత్, నిధి మా కింది ఫ్లాట్ దంపతులు. వినీత్ పని చేసేది ప్రసూన కంపెనీలోనే. నిధికి అప్పుడు ఐదో నెల. వినీత్‌కి హెచ్‌వన్ వీసా ఆరేళ్ళూ మార్చితో అయిపోతాయి. ఆ తర్వాత ఉండాలంటే గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక మెట్టు ఎక్కాలి. మొదటి మెట్టు అయింది, రెండో మెట్టు కంపెనీ వెయ్యాలి. అంటే కొన్నవాళ్ళు వెయ్యాలి. వాళ్ళు వెయ్యకపోయినా, ఇతను ఉద్యోగం వదిలేసినా, మొత్తం మళ్ళీ మొదలు. మళ్ళీ మొదలుపెట్టడానికి మార్చి దాకా టైము చాలదు. బిడ్డతో సామాను లాన్ మీద పెట్టాల్సిందే. ఇది నాకు నిధి చెప్పింది. చెప్పి ఏడ్చింది. ఏడుస్తూ తలనొప్పిగా ఉందని లోపలికెళ్ళి పడుకుంది. నేను ఆ పిల్లకి చారు పెడదామని వంటింట్లోకి వెళ్ళాను.

డైనింగ్ టేబుల్ మీద నీలం ఫోల్డర్ ఉంది. నేను తెరిచాను. ఎందుకు తెరిచావంటే చెప్పలేను. చారు మరిగేలోగా తెరిచాను. ఇంగ్లీషు నాకు కూడబలుక్కుంటే వస్తుంది, అంకెలు మాత్రం బాగా వచ్చు. పైనున్న కాగితం మీద పొడుగాటి నంబరు ఉంది, కింద వినీత్ పేరు ఉంది. పర్సులో పటేల్ కిరాణా కొట్టు రసీదు ఉంటే దాని వెనక ఆ నంబరు ఎక్కించుకున్నాను. ఎక్కించుకుని, ఫోల్డర్ ఎలా ఉన్నది అలా పెట్టేసి, చారులో కొత్తిమీర వేశాను.

మర్నాడు మంగళవారం. వేద స్కూలుకి వెళ్ళగానే, సున్నుండలు డబ్బాలో సర్దుకుని, ఉమని ప్రసూన ఆఫీసు దగ్గర దింపమన్నాను. ఉమకి ఆఫీసు టైమైపోతోంది, ఎందుకని కూడా అడగలేదు.

ప్రసూన నన్ను చూసి లేచి నిలబడింది. "ఏంటి పిన్నిగారూ, ఇంట్లో అందరూ కులాసానేనా?"

"కులాసానే. నేను పబ్లిక్‌ని. ఫైలు చూద్దామని వచ్చాను."

ముందు నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు ఆవిడ మొహం మారింది. బల్ల మీది కాగితాలన్నీ పక్కకి సర్దింది, నాకు కుర్చీ జరిపింది, బీరువా తాళం తీసి ఫైలు తెచ్చి రెండు చేతులతో నా ముందు పెట్టింది. "పదిహేడేళ్ళలో మీరే మొదటి పబ్లిక్. చూడండి. నిన్న సాయంత్రమే హెర్న్‌డన్ నుంచి సంతకమై వచ్చింది. ఇంకా వారం టైముంది, అయినా వెంటపడి తెప్పించాను." కాఫీ కూడా తెప్పించింది. ఆవిడ గొంతులో గర్వం ఉంది, ఇన్నాళ్ళకి తన పని చూడ్డానికి ఒక మనిషి వచ్చిందని.

మూడు పేజీల నిండా నంబర్లు. పేర్లు లేవు. నేను రసీదు పర్సులోనే ఉంచి, ఓరగా చూసుకుంటూ, వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూశాను. రెండుసార్లు చూశాను. వినీత్ నంబరు లేదు.

ఇక్కడ ఆగి చెప్తాను. ఆవిడ నాకెదురుగా, మూరెడు దూరంలో కూర్చుని ఉంది. "ప్రసూనా, ఈ నంబరు లేదేంటమ్మా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. రోజుకి వంద ప్రశ్నలు అడిగేదాన్ని, ఆ ఒక్కటి అడగలేదు. అడిగితే ఆ నంబరు నీకెక్కడిదంటుంది. పరాయి పిల్ల తలనొప్పితో పడుకుంటే ఆ పిల్ల కాగితాలు తిరగేశానని చెప్పాలి. ఫైలు మూసి, "బాగా పెట్టావమ్మా" అన్నాను. సున్నుండల డబ్బా అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ సాయంత్రం లాండ్రీ రూమ్‌లో నిధి కనిపించింది. ఆ పిల్ల మేలు కోసమే చెప్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

"నిధీ, ఎవరితో అనకు. లిస్టులో మీ ఆయన నంబరు లేదు."

డ్రయ్యర్‌లోంచి తీస్తున్న దుప్పటి ఆ పిల్ల చేతిలోంచి జారింది. "మా నంబర్ మీకెలా తెలుసు ఆంటీ?"

అక్కడ నిజం చెప్పొచ్చు. తలుపు తెరిచే ఉంది. నేను ఇంకో తలుపులోంచి పోయాను. "ప్రసూనే చూపించింది. పాపం, నోటితో చెప్పలేక నాతో చెప్పించింది. నువ్వు వెళ్ళి ఆవిడని అడిగావనుకో, ఆవిడ ఉద్యోగానికే ముప్పు. గప్‌చుప్‌గా మీ దారి మీరు చూసుకోండి."

చూడండి ఎంత చక్కగా అల్లానో. వాళ్ళు వెళ్ళి అడిగే వీలు కూడా లేకుండా అల్లాను.

ఎలాగూ ఒకటో తారీకున వీసా పోతుందనుకుని, గురువారం నాడు వినీత్ రాజీనామా పంపాడు. హర్షిత్ అని అతని ఫ్రెండ్, ఇంకో కన్సల్టెన్సీలో ఉన్నాడు, వెంటనే రమ్మన్నాడట. రెండు వారాల నోటీసు. ప్రసూన ఫోన్ చేసి, "ఏం నాన్నా, ఇదేంటి, ఇప్పుడు వదిలితే నీ గ్రీన్ కార్డు సంగతేంటి?" అని అడిగితే, "మీకు తెలియనట్టు అడుగుతారేంటండీ" అని పెట్టేశాడట. శుక్రవారం పొద్దుటికి ట్రాక్ మీద అందరికీ తెలిసిపోయింది. ఒకరు కక్ష అన్నారు. ఒకరు, హెర్న్‌డన్ వాళ్ళే తగ్గించమని ఉంటారు, ఈవిడ పిల్లాణ్ణి బలిచేసింది అన్నారు. నేను వాళ్ళ మధ్యలో నడుస్తున్నాను. ఆ రోజు మూడు చుట్లకే మోకాలు నొప్పని ఇంటికొచ్చేశాను.

శనివారం మా ఇంట్లో బొమ్మల కొలువు పేరంటం. ప్రతి ఏడూ ప్రసూన అందరికంటే ముందొచ్చి శనగలు పొట్లాలు కడుతుంది. ఆ ఏడూ వచ్చింది, ఆకుపచ్చ నేత చీరలో. ఇల్లంతా ఆడవాళ్ళు. ఆవిడ గదిలోకి రాగానే మాటలు ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి, కానీ ఆవిడతో కాదు. ఆవిడ కుంకుమ భరిణ అందుకుని, అలవాటుగా, వరసగా బొట్టు పెట్టుకుంటూ నిధి దగ్గరికి వచ్చింది.

నిధి మొహం పక్కకి తిప్పుకుంది. "మీ చేత్తో వద్దులెండి ఆంటీ."

కొలువు ముందు పాట పాడుతున్న పిల్ల కూడా ఆపేసింది. ప్రసూన వేలి మీద కుంకుమ అలాగే ఉంది. ఆవిడ నిధిని చూడలేదు. గది అటుకొస నుంచి నా వైపు చూసింది. ఒక్కసారే. తన బీరువా దగ్గరికి వచ్చిన పబ్లిక్ ఒక్కతే కదా.

భరిణ మూత పెట్టి కొలువు మెట్టు మీద పెట్టింది. "వస్తాను ఉమా" అని చెప్పి వెళ్ళిపోయింది. శనగల పొట్లం నా చేతిలోనే ఉండిపోయింది. అది పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పార్కింగ్ లాట్‌లోకి పరిగెత్తాను. పేరంటం నుంచి గుడికి తీసుకెళ్దామనేమో, రాఘవులుగారు కారు స్టార్ట్ చేసి ఉన్నారు. ఆవిడ తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది, నేను వస్తానని తెలిసినట్టు.

"నంబరు ఎక్కడిది పిన్నిగారూ?"

నడుముకి దోపుకున్న పర్సులోంచి రసీదు తీసి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఎంతోసేపు కూడా చూడలేదు.

"ఇది రెండువేల ఇరవైమూడులోది. అప్పుడు వినీత్ ఎడిసన్‌లో పని చేసేవాడు. కిందటేడు పార్సిప్పనీకి మారాడు. చోటు మారితే కొత్త కాగితం వెయ్యాలి, వేశాం. దానికి కొత్త నంబరు. లిస్టులో ఉన్నది అదే. మూడో పేజీ, పైనుంచి పదకొండోది."

కాగితం చూడకుండా చెప్పింది. అందరివీ అలా చెప్పగలదు.

"మీరు అక్కడ కూర్చున్నప్పుడు అడగాల్సింది."

"అడగాల్సింది" అన్నాను.

"నేనే చెప్పించానని కూడా అన్నారా?"

నేను చెప్పులు లేని నా కాళ్ళు చూసుకున్నాను. రాఘవులుగారు ఇంజను ఆపేశారు. ఆయన ఎప్పుడూ మాట్లాడరు, ఆ రోజు మాత్రం, "మళ్ళీ లిస్టేనా ప్రసూనా" అన్నారు మెల్లిగా. నన్ను ఎవరైనా చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

ఆవిడ ఆ రసీదు నాలుగు మడతలు పెట్టింది, అంచుకి అంచు కలిపి. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. "ఇది పట్టుకెళ్ళి వాళ్ళ ముందు పెడితే ఇప్పుడే తేలిపోతుంది. పెట్టను. మీరే చెప్పండి. ఈ రోజే చెప్పాలి. బుధవారానికి చేతులు మారుతుంది."

పేరంటం నడుస్తుండగానే చెప్పాను. వినీత్ కిందింట్లో ఒక్కడే ఉన్నాడు, నిధిని పిలిచాను, నిలబడే చెప్పాను. కూర్చోమని వాళ్ళు అనలేదు.

"ఆంటీ, మీరు మా ఫోల్డర్ తెరిచారా?" వినీత్ అదే మూడుసార్లు అడిగాడు. గ్రీన్ కార్డు గురించి కాదు, రాజీనామా గురించి కాదు, ముందు అదే అడిగాడు.

నిధి మాత్రం వేరేది అంది. "నాకు చారు పెట్టారు కదా ఆంటీ ఆ రోజు. నేను అందరికీ చెప్పుకున్నాను, మా అమ్మలా చూసుకున్నారని."



సోమవారం పొద్దున్న ప్రసూన హెర్న్‌డన్‌కి ఫోన్ చేసింది. వినీత్ ఆవిడ బల్ల దగ్గరే ఉన్నాడు, నేనూ ఉన్నాను, ఆవిడే రమ్మంది. అవతల రాజీవ్ అనే ఆయన. తెలుగాయనే, కానీ స్పీకర్‌లో అంతా ఇంగ్లీషే. వినీత్ చెవి పక్కన చెప్తుంటే నాకు అర్థమైంది. రాజీనామా ఇచ్చినవాణ్ణి మేమెందుకు మోయాలి, అతని గ్రీన్ కార్డు మేమెందుకు వెయ్యాలి అంటున్నాడాయన. ప్రసూన గొంతు పెంచలేదు. నోటీసు గడువు ఇంకా అవలేదు, ఇవాళ్టికి అతను ఉద్యోగే, అతని నంబరు మీ సంతకం కింద ఉంది, మీరు ప్రమాణం చేశారు అంది. ఇదే రెండు మూడు రకాలుగా చెప్పింది. చివరికి ఆయన, సరే, కానీ తప్పుడు సమాచారం విని రాజీనామా ఇచ్చానని నిన్నటి మెయిల్లో ఇతనే రాశాడు, ఎవరిచ్చారో రాతపూర్వకంగా కావాలి, లేకపోతే రాజీనామా వెనక్కి తీసుకోవడం కుదరదు అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ప్రసూన, "నేనే పొరపాటుగా చెప్పానని రాసిచ్చేస్తాను, అయిపోతుంది" అంది వినీత్‌తో. వినీత్ నా వైపు చూశాడు.

"నేను రాస్తాను" అన్నాను.

మధ్యాహ్నం తెలుగులో రెండు పేజీలు రాశాను. వేద స్కూలు నుంచి వచ్చి ఇంగ్లీషు చేసింది. మధ్యలో ఆగి, "అమ్మమ్మా, నువ్వు వాళ్ళ ఫోల్డర్ ఓపెన్ చేసావా? లైక్, అడక్కుండా?"

"చేశాను."

"ఓకే. స్నూప్ చేశాను అని పెట్టనా?"

"అంటే?"

"అడక్కుండా చూడ్డం. కొంచెం బ్యాడ్ వర్డ్."

"పెట్టు."

ఇంకో చోట కూడా ఆగింది. "ఇక్కడ, ప్రసూన ఆంటీ చెప్పింది అని నువ్వు చెప్పావు, కానీ ఆంటీ చెప్పలేదు. సో, లై?"

"అదే."

పిల్ల తలెత్తకుండా టైప్ చేసింది. పుట్టిన రోజు నుంచీ నా ఒళ్ళో పెరిగిన పిల్ల. అబద్ధం ఆడకూడదని ఆ పిల్లకి చెప్పింది నేనే.

మర్నాడు బ్యాంకులో నోటరీ ఆవిడ కుడిచెయ్యి ఎత్తమంది. ఎత్తాను. ఇందులో రాసిందంతా నిజమేనా అని అడిగింది. పక్క కౌంటర్లో మన డి బిల్డింగ్ వాళ్ళు ఇద్దరు డబ్బు వేయడానికొచ్చి నన్ను చూస్తున్నారు. "నిజం" అన్నాను. ఆవిడ ముద్ర వేసి, నవ్వుతూ మంచి రోజు గడపమంది.

ఆ సాయంత్రమే రాజీవ్ ఒప్పుకున్నాడు. బుధవారం చేతులు మారింది. వినీత్ ఉద్యోగం నిలిచింది. నవంబర్లో కొన్నవాళ్ళు అతని రెండో మెట్టు దరఖాస్తు వేశారు, ఎక్కువ ఫీజు కట్టి తొందరగా తేల్చుకున్నారు, డిసెంబర్‌కి అయిపోయింది. నలభై మందిలో వీసా మీద ఉన్న ఏ ఒక్కరికీ ఒక్కరోజు కూడా ఇబ్బంది రాలేదు.

ప్రసూనకి మాత్రం నవంబర్ ఆఖర్న, ఫైళ్ళ పని ఇకపై హెర్న్‌డన్‌లోనే చూసుకుంటామని చెప్పేశారు.

విన్న వెంటనే వెళ్ళాను. తలుపు తీసింది, లోపలికి రమ్మంది. "నా కాగితం వల్లేనా? బయటివాళ్ళకి ఫైలు చూపించావనా?"

"కాదు పిన్నిగారూ. మీరు రాయక ముందే అనుకున్నారు. కొనేటప్పుడే అనుకుంటారు."

"మరి వాళ్ళందరికీ లిస్టు ఉంది కదా, నీకు లేదా?"

"నాకు వీసా లేదు కదా. నన్ను మోస్తామని ఎవరూ ప్రమాణం చెయ్యక్కర్లేదు." తేలిగ్గానే అంది. బీరువా తాళంచెవి అప్పగించి వచ్చానని, పదిహేడేళ్ళు బ్యాగులో ఉండేది, ఇప్పుడు బ్యాగు తేలిగ్గా ఉందని కూడా అంది.

ముందే అనుకున్నారన్నది నిజమో, నా మొహం చూసి అన్నదో నాకు తెలీదు. ఇంకోసారి గుచ్చి అడగలేదు.

జనవరిలో నిధికి సీమంతం చేశారు. నిధి, వినీత్ కార్లో ఐసెలిన్‌లో ప్రసూన మళ్ళీ చేరిన చీరల కొట్టుకి వెళ్ళి మరీ ఆవిడని పిలుచుకొచ్చారు. మొదటి గాజులు ఆవిడ చేతే తొడిగించుకుందట. కింద నుంచి పాటలు మా ఇంట్లోకి వినిపించాయి. ఉమ వెళ్ళింది, వేద వెళ్ళింది. నన్ను పిలవలేదు. తలుపు వేసుకుని కూర్చున్నాను. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

ప్రసూన ఇప్పుడు ఓక్ ట్రీ రోడ్డు మీద పాత కొట్లోనే ఉంది. మొన్న వెళ్ళాను. కౌంటర్ వెనక నిలబడి, ఎవరో చూసి వదిలేసిన పట్టుచీరలు మడతలు పెడుతోంది. నన్ను చూసి, "రండి పిన్నిగారూ" అంది, ఎప్పటిలాగే. ఆవిడ గురించి పత్రికకి రాస్తానని, రాయనా అని అడిగాను. మడత ఆపలేదు.

"రాస్తే నంబరు సంగతి రాయండి. చారు సంగతి కూడా. అవి లేకుండా నన్ను పొగుడుతూ రాసేటట్టయితే వద్దు."

రాశాను. వాట్సాప్‌లో కక్ష అని పెట్టినవాళ్ళు, ట్రాక్ మీద బలి అన్నవాళ్ళు, ఇంకా ఆవిడ ఎదురుపడితే పక్కకి తిరిగేవాళ్ళు, మీ కోసమే రాశాను. వినీత్ నంబరు మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది, మూడో పేజీలో పదకొండోది. పటేల్ కొట్టు రసీదు, వెనక నా చేతిరాతతో, ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. ఇంతవరకూ ఒక్కరికి చూపించలేదు. నమ్మకం లేనివాళ్ళు వెళ్ళి అడగండి. ఎవరొచ్చి అడిగినా చూపించమని నేను చెప్పి వచ్చాను.